గానుగ నూనె సైటుకి కొత్త కీవర్డ్‌లు ఎక్కడ దొరుకుతాయండీ? టూల్స్ తిప్పి తిప్పి అవే చూపిస్తున్నాయి

రావులపాలెం_గానుగ అడిగారు:

అందరికీ నమస్కారం. మాకు కోనసీమలో ఒక చిన్న చెక్క గానుగ ఉంది. నువ్వులు, వేరుశనగ, కొబ్బరి, ఈ మూడే ఆడిస్తాం. గానుగ దగ్గర మా ఆయన ఉంటారు. ఫోన్లు, పార్సిళ్లు, వెబ్‌సైటు నా నెత్తిన పడ్డాయి. సైటు వర్డ్‌ప్రెస్‌లో ఉంది. అమ్మకం పేజీలు కాకుండా తెలుగులో కొన్ని, ఇంగ్లిష్‌లో కొన్ని వ్యాసాలు కూడా రాసి పెట్టాను.

ఇప్పుడు ఏం రాయాలో తోచడం లేదు. కీవర్డ్‌లు, అంటే జనం గూగుల్‌లో కొట్టి వెతికే మాటలు, చూపించే గూగుల్ కీవర్డ్ ప్లానర్‌లో ఏది కొట్టినా "కోల్డ్ ప్రెస్డ్ ఆయిల్", "వుడ్ ప్రెస్డ్ గ్రౌండ్‌నట్ ఆయిల్", "సెసమీ ఆయిల్ బెనిఫిట్స్" అనే వస్తాయి. వాటి మీద మొదటి పేజీ నిండా పెద్ద ఆన్‌లైన్ కొట్లు, పేరున్న బ్రాండ్లే. మాలాంటి వాళ్లం అయిదో పేజీలో కూడా కనపడం. పోనీ తెలుగులో కొడదామంటే చాలా మాటల ఎదురుగా ఒక గీత గీసి ఊరుకుంటుంది. డబ్బు కట్టే టూల్ ఒకటి ట్రయల్ తీసుకుంటే వేల వరుసలు కుమ్మరించింది, తీరా చూస్తే సగం ఉత్తరాది ఆవనూనెవే. ఒక ఏజెన్సీ అబ్బాయి యాభై కీవర్డ్‌లు ఇస్తానని చెప్పి శాంపిల్ పంపాడు. నేను ప్లానర్‌లో చూసినవే, రంగులేసి ఎక్సెల్‌లో పెట్టాడు.

పోటీ తక్కువగా ఉండి, నిజంగా మనుషులు వెతికే మాటలు ఎలా పట్టుకోవాలి? ఖర్చు పెట్టే స్తోమత పెద్దగా లేదు. ఓపిక ఉంది, రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చోగలను.

డిజిటల్_బాబీ:

హాయ్ అక్కా, సింపుల్. చాట్‌జీపీటీని "గానుగ నూనెకి 100 లాంగ్ టెయిల్ కీవర్డ్స్ ఇవ్వు" అని అడుగు (లాంగ్ టెయిల్ అంటే పొడుగ్గా, నిర్దిష్టంగా ఉండే మాటలు), అన్నీ పేజీ కోడ్‌లో ఉండే మెటా కీవర్డ్స్ ట్యాగ్‌లో పెట్టు. ఇంకా "గానుగ నూనె హైదరాబాద్", "గానుగ నూనె విజయవాడ", "గానుగ నూనె వరంగల్" అని ఊరికో పేజీ చెయ్యి. ఊరి పేరు మారిస్తే చాలు, ఒక్క రోజులో 200 పేజీలు రెడీ. ర్యాంక్ గ్యారంటీ 🔥

బెజవాడ_కీవర్డ్:

బాబీ తమ్ముడూ, మెటా కీవర్డ్స్ ట్యాగ్‌ని ర్యాంకింగ్‌కి (ఏ పేజీ ముందు చూపించాలన్న వరసకి) వాడటం లేదని గూగుల్ 2009లోనే బహిరంగంగా చెప్పింది. ఊరి పేరు ఒక్కటే మార్చి 200 పేజీలు పెడితే వాటిని డోర్‌వే పేజీలంటారు. గూగుల్ స్పామ్ నియమాల్లో ఆ మాట పేరుపెట్టి మరీ ఉంది. మేడం సైటు కొంప ముంచకు.

మేడం, నేను విజయవాడలో చిన్న వ్యాపారాలకే ఈ పని చేస్తాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, టీ పెట్టుకుని చదవండి.

టూల్ అబద్ధం చెప్పడం లేదు. తన దగ్గర ఎంత లెక్క ఉందో అంతే చెబుతోంది. మీరు యాడ్స్‌కి పెద్దగా ఖర్చు పెట్టడం లేదు కాబట్టి ప్లానర్ మీకు 100 నుంచి 1000, 1000 నుంచి 10 వేలు అని మోటుగా చూపిస్తుంది. దగ్గర దగ్గరగా ఉన్న మాటల్ని ఒకే ముద్ద చేసేస్తుంది కూడా. తెలుగు దగ్గరికి వచ్చేసరికి అందులో పడేవి మరీ తక్కువ. గీత కనిపించినంత మాత్రాన ఆ మాట ఎవరూ వెతకడం లేదని కాదు. రోజూ తనకు వచ్చే వెతుకులాటల్లో దాదాపు 15 శాతం అంతకుముందు ఎప్పుడూ రానివేనని గూగులే ఏళ్లుగా చెబుతోంది. అలాంటివి ఏ టూల్ లిస్టులోనూ ఉండవు. పైగా మీరు చూసే లిస్టునే మీ పోటీవాళ్లూ చూస్తున్నారు. అందరూ ఒకే బావిలో చేద వేసి, నీళ్లు తగ్గిపోయాయని గొణుక్కుంటున్నారు.

మా దగ్గర మోటార్లు రివైండింగ్ చేసే షాపు ఒకటి ఉంది. ఆయన సైటు మీద ముందు ఉన్నవన్నీ "మోటార్ రివైండింగ్ సర్వీసెస్" లాంటి మాటలే. ఒక పూట షాపులో కూర్చుని వచ్చేవాళ్లు ఏమంటున్నారో వింటే, రివైండింగ్ అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. "గుర్రుమని సౌండ్ వస్తోందయ్యా, తిరగట్లేదు" అంటారు. సింగిల్ ఫేజ్ మోటారుకి అది చాలావరకు కెపాసిటర్ పోయిన లక్షణం. ఆ మనిషి షాపుకి వచ్చే ముందు ఫోన్ మైకు నొక్కి అదే మాట గూగుల్‌తో అని ఉంటాడు. "మోటారు గుర్రుమంటోంది, తిరగడం లేదు" అన్నదే ఆ పేజీ శీర్షిక చేశాం. టూల్స్ లెక్కలో ఆ మాటకు ఇప్పటికీ సున్నానే. షాపుకి ఫోన్లు మాత్రం దాని మీదే ఎక్కువ వస్తాయి.

అందుకే మీరు ముందు తెరవాల్సింది ప్లానర్ కాదు, మీ వాట్సాప్. కొత్తవాళ్లు పంపిన మొదటి మెసేజ్ చూడండి. తర్వాత పార్సిల్ అందిన ఒకటి రెండు రోజులకు పంపిన మెసేజ్ చూడండి. మొదటి దాంట్లో కొనేముందు ఉండే భయం ఉంటుంది, రెండో దాంట్లో కొన్నాక వచ్చే అనుమానం ఉంటుంది. రెండూ యథాతథంగా ఒక షీట్‌లోకి ఎక్కించండి. వ్యాకరణం దిద్దకండి. మెసేజ్ పెట్టినావిడ "మడ్డి" అంటే మడ్డి అనే రాయండి, "అవక్షేపం" అని రాయకండి. మీకు రోజూ విని విసుగెత్తిన ప్రశ్న ఉంటుంది చూడండి, అది ఇంకా విలువైనది.

ఆ షీట్ చేతిలో పెట్టుకుని అప్పుడు గూగుల్‌కి రండి. ఫోన్‌లో, ఇన్‌కాగ్నిటోలో (మీ పాత వెతుకులాటలు లెక్కలోకి రాని కిటికీలో), తెలుగు కీబోర్డుతో. "నువ్వుల నూనె" అని కొట్టి ఆగండి, కింద వచ్చేవి రాసుకోండి. తర్వాత ఖాళీ వదిలి "క" కొట్టండి, "త" కొట్టండి, "ద" కొట్టండి, "ప" కొట్టండి. "త" దగ్గర తలకు పెట్టుకోవడం, "ద" దగ్గర దీపారాధన, "ప" దగ్గర పసిపిల్లలకు మర్దన, ఇలా దారులు చీలుతుంటాయి. ఇంకో చిట్కా, కర్సర్‌ని మాట ముందుకి తెచ్చి అక్కడ ఖాళీ పెట్టి చూడండి. "ఆవకాయకు", "వంటకు" లాంటివి ముందు చేరి వేరే రకం సూచనలు వస్తాయి. అదే పని యూట్యూబ్‌లో మళ్లీ చెయ్యండి. మనవాళ్లు నూనె గురించి చదవడం కన్నా చూడటమే ఎక్కువ. గానుగ వీడియోల కింద కామెంట్లలో ధర, అడ్రసు అడిగేవి వదిలేసి మిగతావి ఓపిగ్గా చదవండి. జవాబు దొరకని ప్రశ్నలు బోలెడు ఉంటాయి.

ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్ల సంగతి వేరు. నూనె అన్న మాటని ఒకరు ఎన్ తర్వాత యు పెడతారు, ఒకరు రెండు ఓలు పెడతారు, చివర ఒకరు ఈ, ఒకరు ఏ. వీటన్నిటికీ వేరు వేరు పేజీలు చెయ్యక్కర్లేదు, స్పెల్లింగ్ తేడాలు గూగుల్ చాలావరకు సర్దుకుంటుంది. మీకు పనికొచ్చే తేడా స్పెల్లింగ్‌లో లేదు, ప్రాంతంలో ఉంది. మీ గోదావరి వైపు పెద్దవాళ్లు "పప్పునూనె" అంటే నువ్వుల నూనె. హైదరాబాద్ వాళ్లు వేరుశనగ నూనె అనరు, పల్లీ నూనె అంటారు. "మంచినూనె" అని ఒకచోట నువ్వుల నూనెని అంటే ఇంకోచోట వంటనూనె దేన్నైనా అంటారు. మీ సైటులో "పల్లీ" అన్న మాట ఒక్కసారైనా ఉందా? నేను పందెం కాస్తా, ఉండదు. మీ ఆర్డర్లలో తెలంగాణవి ఎన్నో చూసుకోండి.

ఇక క్యాలెండర్. ఏ మాట ఎప్పుడు ఎక్కువ వెతికారో చూపించే గూగుల్ ట్రెండ్స్‌లో వ్యవధి అయిదేళ్లకు పెట్టి చూస్తే ఏటా ఒకే నెలలో లేచే గుట్టలు కనిపిస్తాయి. అందులో కనిపించే అంకె 0 నుంచి 100 వరకు పోలిక మాత్రమే, ఎంతమంది వెతికారన్నది కాదు. తెలుగు మాటలకు డేటా చాలక ఖాళీగా వస్తే ఇంగ్లిష్ మాట పెట్టి ప్రాంతం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అని మార్చి చూడండి. నిజానికి మీకు ట్రెండ్స్ కూడా అక్కర్లేదు, గోడ మీద పంచాంగం చాలు. ఏప్రిల్, మే ఆవకాయ. కార్తీకంలో దీపాలు. సంక్రాంతికి పిండివంటలు. మీకు పక్కనే శనీశ్వరుడి గుడి ఉన్న మందపల్లి ఉంది, శని త్రయోదశికి తైలాభిషేకం కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. నువ్వుల నూనె ఎంత తేవాలి, అక్కడే దొరుకుతుందా, ఇంటి నుంచి తెచ్చుకోవచ్చా అని బయల్దేరే ముందు వెతకని వాళ్లుంటారా? ఆ ఊరి పక్కనే గానుగ పెట్టుకున్న మీరు రాసినంత నమ్మకంగా దాని గురించి ఇంకెవరు రాస్తారు? గుడి దగ్గరికి వెళ్లి పద్ధతి కనుక్కుని రాయండి, ఊహించి రాయకండి. ఏది రాసినా పండగకి నెలా రెండు నెలల ముందే పేజీ ఎక్కించాలి. పండగ రోజు రాస్తే వచ్చే ఏడాదికే పనికొస్తుంది.

చాట్‌జీపీటీ సంగతికొస్తే, ఆలోచనలు ఇమ్మంటే అది అందరికీ ఇచ్చేవే ఇస్తుంది. మీ వాట్సాప్ షీట్ ఇచ్చి (పేర్లు, నంబర్లు తీసేసి సుమా) "ఒకే రకం ప్రశ్నలు ఒకచోట చేర్చు" అనండి. ఆ గుమాస్తా పని బాగా చేస్తుంది.

రావులపాలెం_గానుగ:

బాబోయ్, చాలా థాంక్సండి. పందెం మీరే గెలిచారు, "పల్లీ" ఒక్కచోట కూడా లేదు. ఆర్డర్లు చూస్తే మూడో వంతు హైదరాబాద్‌వే.

రాత్రి కూర్చుని వాట్సాప్ తిరగేశాను. ఎక్కువగా ఉన్నవి ఇవండి. "సీసా అడుగున మడ్డి పేరుకుంది, పాడైనట్టా?" "గారెలు వేస్తుంటే నురుగు పొంగి పొయ్యి మీద పడింది, ఏం కలిపారు?" (ఈవిడ చాలా కోపంగా రాశారు.) "కొబ్బరి నూనె తెల్లగా గడ్డకట్టింది, మైనం కలిపారా?" అని డిసెంబరులో బెంగళూరు నుంచి ఒకాయన. "స్టీలు డబ్బాలో పోసుకోవచ్చా?" "కొట్లో నూనెకి రెట్టింపు ధర ఎందుకు?" "మా సొంత నువ్వులు తెస్తే ఆడించి ఇస్తారా, కిలోకి ఎంత?" ఇంకా ఒకరిద్దరు తెలగపిండి (నువ్వుల నూనె తీశాక మిగిలే పిండి) ఉందా అని అడిగారు. మాకది మిగులు సరుకు, పశువులకి తీసుకెళ్తారు కాబట్టి సైటులో పెట్టలేదు.

వీటిల్లో ఏది కీవర్డ్, ఏది ఊరికే కస్టమర్ గోల అన్నది తెలియడం లేదు. ఒక్కోదానికి ఒక్కో పేజీ రాయాలా?

డాలస్_నుంచి_ఓ_తెలుగమ్మాయి:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఎస్ఈవో (సైటుని గూగుల్‌లో పైకి తెచ్చే పని) మనిషిని కాదు, ఆవకాయ మనిషిని. ఏటా మేలో ఇక్కడ ఆవకాయ పెడతాను. నేనెప్పుడూ గూగుల్‌లో "గానుగ నూనె" అని వెతకలేదు. నేను వెతికింది "ఆవకాయకి ఏ నూనె వాడాలి", "ఆవకాయకి నూనె ఎంత పడుతుంది", "ఆవకాయలో నూనె పైకి తేలలేదు ఏం చెయ్యాలి".

ఇంకోటి, ఇక్కడ మామూలు సూపర్ మార్కెట్‌లో సెసమీ ఆయిల్ అని అడిగితే చైనా, కొరియా వంటల్లో చివర్లో నాలుగు చుక్కలు వేసే వేయించిన నువ్వుల నూనె చేతిలో పెడతారు. ముదురు రంగులో, ఘాటు వాసనతో ఉంటుంది. కొత్తగా వచ్చిన పిల్లలు తెలియక దాంతోనే ఆవకాయ కలిపేసి, అమ్మకి వీడియో కాల్ చేస్తారు. ఇండియన్ స్టోరులో దొరికే నువ్వుల నూనెకీ దానికీ తేడా చెబుతూ తెలుగులో ఎవరైనా ఫోటోలతో రాస్తే మా వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరుగుతుంది. మీకు ఇక్కడి నుంచి ఆర్డర్లు వస్తాయో రావో చెప్పలేను. కానీ మా అమ్మానాన్నలకి మీ దగ్గర ఆర్డర్ పెట్టేది మేమే కదా.

బెజవాడ_కీవర్డ్:

డాలస్ మేడం చెప్పింది బంగారం. వెతికేవాళ్లు సరుకు పేరుతో మొదలుపెట్టరు, చేస్తున్న పనితో మొదలుపెడతారు.

రావులపాలెం మేడం, మీ లిస్టులో అన్నిటికన్నా మంచివి రెండూ మీరు చివర్లో పడేశారు. తెలగపిండి పశువులకి పోతోందంటే నాకు నోట మాట రావడం లేదు. మన ఇళ్లలో బాలింతకి తెలగపిండి కూర పెట్టడం తెలియని అమ్మమ్మ ఉందా? మునగాకు వేసి వండుతారు, వెల్లుల్లి పోపు పెడతారు. హైదరాబాద్‌లో, బెంగళూరులో కూతురికి పురుడు పోసుకున్న తల్లి ఈ పిండి కోసం ఊళ్లో వాళ్లకి ఫోన్లు చేస్తుంది. "తెలగపిండి ఎక్కడ దొరుకుతుంది", "తెలగపిండి కూర ఎలా చెయ్యాలి", "బాలింతకి ఎన్నో రోజు నుంచి పెట్టాలి", ఇవి పెద్ద బ్రాండ్లు ముట్టుకోని మాటలు, ఎందుకంటే వాళ్ల దగ్గర ఆ సరుకే లేదు. తినడానికి పనికొచ్చేట్టు శుభ్రంగా ఆడించి, వేరుగా ప్యాక్ చేసి అమ్మగలరేమో మీ ఆయనతో మాట్లాడండి. ఇది కీవర్డ్ మాత్రమే కాదు, కొత్త సరుకు.

రెండోది సొంత గింజలు ఆడించడం. ఇది మీ చుట్టుపక్కల వాళ్ల వెతుకులాట, దీనికి వ్యాసం కన్నా గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (మ్యాప్స్‌లో మీ షాపు పేరు మీద కనిపించే వివరాల పేజీ) ముఖ్యం. సేవల్లో "మీ నువ్వులు, పల్లీలు తెస్తే ఆడించి ఇస్తాం" అని స్పష్టంగా పెట్టండి. కనీసం ఎన్ని కిలోలు ఉండాలి, పిండి ఎవరు ఉంచుకుంటారు, ఏ వేళల్లో రావాలి అన్నీ రాయండి. ఆ ప్రొఫైల్‌లోనే పనితీరు అన్న చోట నొక్కితే జనం ఏ మాటలతో మిమ్మల్ని కనుక్కున్నారో చూపిస్తుంది. దాన్ని ఎవరూ తెరవరు, నెలకోసారి తెరవండి.

ఇక ఒక్కోదానికి ఒక్కో పేజీనా అంటే, చిన్న పరీక్ష ఉంది. రెండు ప్రశ్నల్ని గూగుల్‌లో విడివిడిగా కొట్టండి. రెండింటికీ మొదటి పేజీలో చాలావరకు అవే లింకులు వస్తే గూగుల్ దృష్టిలో అవి ఒకటే, ఒక పేజీ చాలు. పూర్తిగా వేరేవి వస్తే రెండు పేజీలు. నా అంచనా ప్రకారం మడ్డి, నురుగు, గడ్డకట్టడం మూడూ "ఈ నూనె పాడైందా, కల్తీదా" అన్న ఒకే భయం కిందికి వస్తాయి. కొబ్బరి నూనె గడ్డ మాత్రం చలికాలంలో విడిగా వెతుకుతారు కాబట్టి దాన్ని వేరు చెయ్యొచ్చు. 24 డిగ్రీల కిందకి వస్తే అసలైన కొబ్బరి నూనె గడ్డకట్టి తీరుతుందని మొదటి వాక్యంలోనే చెప్పండి. బెంగళూరు డిసెంబరులో అది మామూలే. మైనం కథ తర్వాత.

ధర ప్రశ్నకి కబుర్లు చెప్పకండి, లెక్క చెప్పండి. లీటరు వేరుశనగ నూనె రావాలంటే గానుగలో రెండున్నర కిలోల దాకా గుళ్లు పడతాయి కదా. ఆ రోజు గుళ్ల ధర, ఆడకూలి, సీసా, కొరియర్, పిండి అమ్మితే వచ్చేది, అన్నీ వేసి చూపించండి. మీ గానుగ దగ్గర తూకం వేసిన ఫోటో పెట్టండి. ఇలాంటి పేజీని ఎక్సెల్ షీట్ అబ్బాయి రాయలేడు.

గూగుల్‌లో మీ సైటు ఏ మాటలకి కనిపిస్తోందో చూపించే సెర్చ్ కన్సోల్ కలిపారా? కలపకపోతే ఇవాళే కలపండి, ఉచితం. 16 నెలల వరకు వెనక్కి చూపిస్తుంది. పనితీరు రిపోర్టులో, క్వెరీల (జనం వెతికిన మాటల) ఫిల్టర్‌లో కస్టమ్ రెజెక్స్ (ఒకేసారి చాలా మాటలు ఏరే పద్ధతి) ఎంచుకుని ఎలా|ఎందుకు|ఎంత|మంచిదా అని, మధ్యలో నిలువు గీత పెట్టి కొట్టండి. ప్రశ్నల్లాంటివన్నీ విడిపోతాయి. అందులో ఇంప్రెషన్లు (ఫలితాల్లో మీ పేజీ కనపడిన సార్లు) ఉండి క్లిక్కులు లేనివి, స్థానం 8 నుంచి 30 మధ్య ఉన్నవి చూడండి. గూగుల్ మిమ్మల్ని ఆ మాటకి చూపిస్తోంది కానీ మీ పేజీలో జవాబు సరిగా లేదన్నమాట. దీపారాధన గురించి ఒక్క వాక్యం రాసిన పేజీకే దీపారాధన ప్రశ్నలు వస్తుంటే, ఆ వాక్యానికి సొంత పేజీ బాకీ ఉన్నట్టే. మరీ కొద్దిమంది అడిగినవి గోప్యత కోసం గూగుల్ దాచేస్తుంది, కాబట్టి కన్సోల్‌లో కనపడలేదని వాట్సాప్ ప్రశ్నని కొట్టెయ్యకండి.

మాదాపూర్_మార్కెటర్:

బెజవాడ అన్న చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటా, ఒక్క విషయంలో పేచీ ఉంది. నేను ఏజెన్సీలో ఇ-కామర్స్ అకౌంట్లు చూస్తాను. ప్రశ్నల పేజీల మీద ప్రేమలో పడితే ట్రాఫిక్ గ్రాఫు ముద్దొస్తుంది, బ్యాంకు ఖాతా ఏడుస్తుంది. "మడ్డి ఎందుకు వస్తుంది" అని వెతికేవాడు ఇప్పటికే ఎవరి దగ్గరో కొన్నవాడు. పైగా ఇప్పుడు ఇలాంటి వాటికి గూగుల్ పైనే ఏఐ ఓవర్‌వ్యూ పెట్టి జవాబు చెప్పేస్తోంది. ఇండియాలో 2024 ఆగస్టు నుంచి ఉంది. చదివేసి వెళ్లిపోతారు, మీ సైటు మొహం చూడరు.

కాబట్టి కొనేవాళ్ల మాటలు కూడా ఇలాగే తవ్వండి. అయిదు లీటర్ల డబ్బా, పదిహేను లీటర్ల టిన్ను, నెలకి సరిపడా కాంబో, పొట్టు తీసిన నువ్వులదా తీయనిదా, బెల్లం వేసి ఆడిస్తారా, ఎద్దు గానుగా కరెంటు గానుగా. ఇవన్నీ అమ్మకం పేజీలోనే ఉండాలి. సైటులో సెర్చ్ బాక్స్ ఉందా? ఉంటే జీఏ4లో (సైటుకి వచ్చినవాళ్ల లెక్క చూపించే గూగుల్ అనలిటిక్స్‌లో) జనం అందులో ఏం కొట్టారో కనిపిస్తుంది. మీ దగ్గర లేని సరుకు పేరు పదే పదే వస్తే అది కూడా సమాచారమే. నా క్లయింట్ ఒకరికి కుసుమ నూనె అలాగే తెలిసింది.

ఇంకో హెచ్చరిక. సూచనల్లో "షుగర్‌కి మంచిదా", "గుండె బ్లాకులు కరుగుతాయా", "మోకాళ్ల నొప్పులు తగ్గుతాయా" అని బోలెడు వస్తాయి. పోటీ తక్కువ కదా అని ఆశపడకండి. ఆహార సరుకు అమ్ముతూ రోగం నయమవుతుందని రాస్తే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల 2018 నాటి ప్రకటనల నిబంధనలకి విరుద్ధం. లైసెన్సు నంబరు పెట్టుకుని అమ్ముతున్నవాళ్లు ఆ జోలికి పోకూడదు. బాలింత పేజీలో కూడా వంట పద్ధతి, అలవాటు రాయండి, పాలు పడతాయని గ్యారంటీలు ఇవ్వకండి.

బెజవాడ_కీవర్డ్:

ఆఖరి మాట నూటికి నూరు పాళ్లు నిజం. నేను రాయాల్సింది, రాశారు.

మడ్డి పేజీ మీద మాత్రం తగ్గను. ఆ పేజీకి గూగుల్ నుంచి ఒక్కడూ రాకపోయినా మేడం రోజూ వాట్సాప్‌లో టైపు చేసే జవాబు స్థానంలో ఆ లింకు పంపొచ్చు. గారెల ఆవిడలా కోపంగా ఉన్న కస్టమర్ తిరిగి కొనేలా చేస్తే అదీ అమ్మకమే కదా సార్. కొత్తవాడిని తేవడం ఎంత ఖర్చో మీ ఏజెన్సీకే బాగా తెలుసు.

మాదాపూర్_మార్కెటర్:

😄 అది ఎస్ఈవో కాదు, కస్టమర్ సపోర్ట్. అయినా సరే, రాయమనండి.

డిజిటల్_బాబీ:

అన్నా ఆ 200 పేజీలు నేను ఆల్రెడీ ఒక క్లయింట్‌కి చేశా... తీసెయ్యాలా?

బెజవాడ_కీవర్డ్:

డెలివరీ నిజంగా ఉన్న ఊళ్లకి, ఆ ఊరికి మాత్రమే చెల్లే సమాచారం ఉన్నవి ఉంచు. ఎన్ని రోజుల్లో చేరుతుంది, అక్కడ షాపు ఉందా, చార్జీ ఎంత, ఇలాంటివి. మిగతావి తీసి వేరే థ్రెడ్ వేసి అడుగు, అక్కడ మాట్లాడుకుందాం.

రావులపాలెం_గానుగ:

అందరికీ పేరుపేరునా థాంక్స్. మా ఆయనతో మాట్లాడాను. తెలగపిండి అంటే ముందు నవ్వారు, తర్వాత మా అత్తగారు లోపల్నుంచి "నేను చెబితే విన్నారా" అని అందుకున్నారు. పొట్టు తీసిన నువ్వులు వారానికి ఒకరోజు విడిగా ఆడించి అర కిలో ప్యాకెట్లు కడదామని ఒప్పుకున్నారు. కూర పద్ధతి అత్తగారే చెబుతానన్నారు, వీడియో కూడా తీస్తాను.

మొదటి పేజీ దాంతోనే మొదలుపెడుతున్నా. శీర్షిక తెలుగులో పెట్టాలా, ఇంగ్లిష్ అక్షరాల్లోనా? లింకు సంగతి కూడా చెప్పండి.

బెజవాడ_కీవర్డ్:

అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. శీర్షిక తెలుగులోనే పెట్టండి. పేజీ లోపల మొదటి పేరాలో ఒకచోట, ఫోటో కింద రాసే మాటలో ఇంకోచోట ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా తెలగపిండి అని సహజంగా పడేట్టు చూడండి, అంతకుమించి కుక్కొద్దు. లింకు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో, చిన్నగా ఉంచండి. తెలుగు అక్షరాలతో పెడితే వాట్సాప్‌లో పంపినప్పుడు శాతం గుర్తులతో బారెడు తోక వస్తుంది, చూసినవాళ్లు వైరస్ లింకేమో అని నొక్కరు. వర్డ్‌ప్రెస్ తెలుగు శీర్షికనే లింకుగా పెట్టేస్తుంది, కాబట్టి పబ్లిష్ నొక్కే ముందే మార్చుకోండి.